గ్లాసులో భూగోళం

ఎర్ల్ జోన్స్ ఫ్లోరిడాలో చర్మవైద్యుడు. స్పెయిన్ ఎర్ర వైన్లంటే ఆయనకు ప్రాణం, అందులోనూ టెంప్రనియో అనే నల్ల ద్రాక్షతో చేసినవంటే మరీను. ఆయన్ని చాలాకాలం ఒక ప్రశ్న వేధించింది. ఫ్రాన్స్ నుంచి తెచ్చుకున్న కాబెర్నే సోవిన్యాన్ ద్రాక్షతో కాలిఫోర్నియావాళ్లు ప్రపంచం మెచ్చే వైన్ చేస్తున్నారు. టెంప్రనియో కూడా వాల్దెపెన్యాస్ అనే పేరుతో సాన్ వాకీన్ లోయ ఎండల్లో దశాబ్దాలుగా పండుతోంది. కానీ దాంతో వచ్చేది చవకరకం వైనే. తీగ అదే అయినప్పుడు తేడా ఎక్కడ పుడుతోంది?

1992లో ఆయన స్పెయిన్ వెళ్లి అక్కడి తోటలు చూశాడు. మంచి టెంప్రనియో పండే రిబేరా దెల్ దుయేరోలో వేసవి చిన్నది, పొడిగా, వేడిగా ఉంటుంది. కాయ పండే వేళకు చలి మొదలవుతుంది. అటువంటి వాతావరణం అమెరికాలో ఎక్కడుందని వెతికితే ఒరెగాన్ దక్షిణాన, రోజ్‌బర్గ్ పక్కన అంప్క్వా లోయ దొరికింది. అక్కడ జోన్స్ కుటుంబం 1995లో టెంప్రనియో నాటింది. తోటకు అబసేలా అని పేరు పెట్టుకున్నారు. 2001లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన పోటీలో వాళ్ల 1998 పంట వైన్ స్పెయిన్ నుంచి వచ్చిన టెంప్రనియోలను వెనక్కి నెట్టింది. ఆయన కొడుకు గ్రెగ్ జోన్స్ వాతావరణ శాస్త్రవేత్తగా, ద్రాక్షకూ శీతోష్ణస్థితికీ ఉన్న సంబంధం మీద పరిశోధించి పేరు తెచ్చుకున్నాడు.

వైన్ రుచి గురించి రాసేవాళ్లు చాలామంది కవిత్వంలోకి దిగిపోతారు. ఈ అధ్యాయంలో మనం ఆ వైద్యుడి దారి పడదాం. గ్లాసులో ఒక గుణం కనిపిస్తే దానికి కారణం ఎక్కడుందో చూద్దాం. ఆ పనికి స్పెయిన్ ఎర్ర వైన్లను మించిన పాఠం లేదు. ఒకే ద్రాక్ష అక్కడ వేరువేరు ఎత్తుల్లో, వేరువేరు నేలల్లో, వేరువేరు పేర్లతో పండుతుంది. కాబట్టి ద్రాక్షను మార్చకుండా మిగతావి మారితే ఏమవుతుందో చూసే అవకాశం తేలిగ్గా దొరుకుతుంది.

వేడిని కూడితే

అమెరికాలో మద్యనిషేధం 1920 నుంచి 1933 దాకా నడిచింది. అది ఎత్తేశాక కాలిఫోర్నియా రైతుల ముందు నిలిచిన సమస్య ఏ రకాన్ని ఎక్కడ నాటాలి అన్నది. డేవిస్‌లో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఆల్బర్ట్ వింక్లర్, మేనార్డ్ అమెరీన్ రాష్ట్రం నలుమూలల నుంచి ద్రాక్ష తెప్పించి, ప్రతిదాంతో కొంచెం కొంచెం వైన్ చేసి, రుచి చూసి నమోదు చేశారు. 1944లో ఫలితాలు ప్రచురించారు.

వాళ్ల లెక్క ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగలిగినంత సులువు. ద్రాక్షతీగ 10 డిగ్రీల సెల్సియస్ లోపు దాదాపు ఎదగదు. జులైలో ఒక రోజు పగలు 30 డిగ్రీలు, తెల్లవారుజామున 12 డిగ్రీలు ఉందనుకోండి. సగటు 21. అందులోంచి 10 తీసేస్తే 11. ఆ రోజు తీగకు అందిన వేడి అంత. ఏప్రిల్ 1 నుంచి అక్టోబరు 31 వరకు 214 రోజులకూ ఇలాగే కూడుతూ పోతే ఆ ఊరికి ఒక అంకె వస్తుంది. అది సుమారు 1,390 దాటకపోతే మొదటి మండలం, 2,220 దాటితే అయిదో మండలం. మధ్యలో మరో మూడు. నేటికీ చాలామంది ద్రాక్ష రైతులు ఈ అయిదు మండలాల భాషలో మాట్లాడుకుంటారు.

ఈ లెక్క చలికాలంలో తీగ ఆకు రాల్చి నిద్రపోయే దేశాలకే పనికొస్తుంది. ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్షకు పేరుపడ్డ హైదరాబాదు పరిసరాల్లో తీగకు ఆ నిద్ర ఉండదు. అక్కడ కత్తిరింపుతోనే కాలాన్ని తిప్పాలి.

అయితే మొత్తం వేడి ఎంతన్నది సగం కథే. అది ఎప్పుడు తగిలిందన్నది మిగతా సగం. ద్రాక్షలో ముఖ్యమైన ఆమ్లాలు రెండు: టార్టారిక్, మాలిక్. టార్టారిక్ ఆమ్లం ఎండకు అంతగా చలించదు. మాలిక్ ఆమ్లాన్ని మాత్రం వేడెక్కిన కాయ తన శ్వాసక్రియలో ఖర్చు పెట్టేస్తుంది. తొక్కలో ఎరుపు, ఊదా రంగులిచ్చే ఆంథోసయనిన్లు కూడా రాత్రిళ్లు మరీ వేడిగా ఉంటే సరిగ్గా తయారుకావు. టెంప్రనియో త్వరగా పండే రకం. సాన్ వాకీన్ లోయలో అది నడివేసవి మంటల్లోనే పండిపోతుంది. చక్కెర ఉంటుంది గానీ పులుపు ఇగిరిపోతుంది, రంగు పలచబడుతుంది. వైన్ చప్పగా ఉంటుంది. జోన్స్ ప్రశ్నకు జవాబు ఇదే.

టెక్సాస్‌లో లబ్బక్ చుట్టుపక్కల హై ప్లెయిన్స్ మీద టెంప్రనియో నిలదొక్కుకోవడానికీ ఇదే కారణం. అక్కడి తోటలు ఉన్నది వెయ్యి మీటర్లకు అటూఇటూ ఎత్తులో. పగలు ఎంత మండినా రాత్రికి చల్లబడుతుంది.

ఒక ద్రాక్ష, మూడు లోయలు

స్పెయిన్ అనగానే ఎండలే గుర్తొస్తాయి. కానీ ఆ దేశం నడిభాగమంతా పీఠభూమి. రిబేరా దెల్ దుయేరో తోటలు సుమారు 750 నుంచి 1,000 మీటర్ల ఎత్తున ఉంటాయి, అంటే మన అరకు ఎత్తుకు అటూఇటూ. పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రతలో పెద్ద తేడా. వసంతంలో మంచు పడి చిగుళ్లు మాడిపోయే భయం ఎప్పుడూ ఉంటుంది. ఇక్కడ టెంప్రనియోను తింతో ఫీనో అంటారు. రంగు చిక్కన, వగరు గట్టిది, పులుపు నిలిచి ఉంటుంది. వేగా సిసీలియా అనే పేరుమోసిన సంస్థ 1864 నుంచీ ఇక్కడే ఉంది. ప్రాంతానికి అధికారిక గుర్తింపు మాత్రం 1982లో వచ్చింది.

అదే దుయేరో నది వెంట పడమటికి పోతే తోరో వస్తుంది. ఇక్కడ అదే ద్రాక్ష పేరు తింతా దె తోరో. వాన తక్కువ, ఎండ ఎక్కువ, నేల ఇసుక. కాయలో చక్కెర బాగా పేరుకుంటుంది. ఆ చక్కెరనే ఈస్టు ఆల్కహాలుగా మారుస్తుంది కాబట్టి 14.5, 15 శాతం ఆల్కహాలు ఇక్కడ మామూలు. నోట్లో పోసుకోగానే గొంతు వెచ్చబడుతుంది. ఇసుక ఇంకో మేలు చేసింది. 19వ శతాబ్దంలో అమెరికా నుంచి ఐరోపాకు పాకిన ఫిలాక్సెరా అనే వేరుపురుగు అక్కడి తోటల్ని తుడిచిపెట్టింది. ఇసుకలో అది బతికి తిరగలేదు. అందుకే తోరోలో సొంత వేళ్ల మీద నిలిచిన ముసలి తీగలు ఇంకా ఉన్నాయి. కాలిఫోర్నియాలో ఓక్లీ పట్టణం దగ్గర పాత తీగలు మిగలడానికీ ఇసుకే కారణం. ఐరోపాలో మిగతా తోటలన్నిటికీ మందు కూడా అమెరికా నుంచే వెళ్లింది. ఆ పురుగును తట్టుకునే అమెరికన్ అడవి ద్రాక్ష వేరుకు ఐరోపా తీగను అంటుకట్టారు. నేడు స్పెయిన్‌లో చాలా తోటల్లో మట్టిలో ఉన్న సగం అమెరికాది.

మూడోది రియోహా. ఉత్తరాన ఉన్న కంటాబ్రియా కొండలు అట్లాంటిక్ చలిగాలిని అడ్డుకుంటాయి. మధ్యలో ఎబ్రో నది. పడమటి వైపు చల్లగా, తూర్పుకు పోయేకొద్దీ వెచ్చగా ఉంటుంది. తూర్పు భాగంలో గర్నాచా అనే మరో ద్రాక్ష బాగా పండుతుంది. రియోహా వైన్‌ని గుర్తుపట్టించేది మాత్రం వాతావరణంకన్నా పీపా. ఇక్కడి సంప్రదాయం 225 లీటర్ల ఓక్ పీపాలో వైన్‌ని నెలలు, ఏళ్లు మాగబెట్టడం. సీసా మీద క్రియాన్సా అని ఉంటే కనీసం రెండేళ్లు మాగింది, అందులో ఏడాది పీపాలో. రెసెర్వా అంటే మూడేళ్లు. గ్రాన్ రెసెర్వా అంటే అయిదేళ్లు, అందులో రెండేళ్లు పీపాలో.

ఆ పీపాల చెక్క కూడా చాలావరకు అమెరికాదే. అమెరికన్ తెల్ల ఓక్ చెక్కలో నీరు కారే గొట్టాలు సహజంగానే మూసుకుపోయి ఉంటాయి. దాన్ని రంపంతో కోసినా పీపా కారదు. ఫ్రెంచి ఓక్‌ని నార వెంబడే చీల్చాలి, అందులో చెక్క చాలా వృథా అవుతుంది. అమెరికన్ ఓక్‌లో ఓక్ లాక్టోన్ అనే పదార్థం పాలు ఎక్కువ. దాని వాసన అచ్చం కొబ్బరి. చెక్కను మంట మీద కాల్చినప్పుడు వెనీలా వాసన ఇచ్చే వెనిలిన్, లవంగం వాసన ఇచ్చే యూజెనాల్ బయటికొస్తాయి. రియోహాలోని హారో పట్టణంలో 1877 నుంచి ఉన్న లోపెస్ దె ఎరేదియా సంస్థ ఇప్పటికీ అపలాచియన్ కొండల ఓక్ తెప్పించుకుని పీపాలు సొంతంగా బిగించుకుంటుంది. పాత రియోహాలో మీకు కొబ్బరి, వెనీలా తగిలితే అవి ద్రాక్ష ఇచ్చినవి కావు. అమెరికా అడవి ఇచ్చినవి.

టెంప్రనియో దాటితే

వాయవ్యాన బియెర్సోలో మెన్సియా అనే ద్రాక్ష ఉంటుంది. అట్లాంటిక్ తేమ తగిలే ఆ కొండల్లో వైన్ తేలిగ్గా, పుల్లగా, పూలవాసనతో వస్తుంది. ఆగ్నేయాన హుమియాలో కథ తిరగబడుతుంది. వాన అతి తక్కువ. ఎండకు జంకని, ఆలస్యంగా పండే మొనాస్ట్రెల్ ద్రాక్ష అక్కడిది. వైన్ నల్లగా, దళసరిగా, ఎండుపళ్ల వాసనతో ఉంటుంది. ఓక్లీ ఇసుకలో మిగిలిన మటారో తీగలు ఈ జాతివే. ఫ్రాన్స్‌లో దీన్నే మూర్వెద్ర్ అంటారు.

ఈశాన్యాన కాటలోనియాలోని ప్రియొరాట్ వేరే లోకం. నిటారు వాలుల మీద పలకరాయి నేల. 1980ల చివర్లో రెనే బార్బియే, అల్వారో పలాసియోస్ వంటి కొద్దిమంది వచ్చి పాత గర్నాచా, కరిన్యేనా తీగలతో వైన్ చేసి ఆ మరుగున పడ్డ ప్రాంతాన్ని మళ్లీ నిలబెట్టారు. ఇక్కడి వైన్ తాగేవాళ్లు రాయి రుచి తెలుస్తోందంటారు. దీన్ని భూగర్భ శాస్త్రం ఒప్పుకోదు. తీగ వేళ్లు రాయిని పీల్చవు. నీళ్లలో కరిగిన పోషకాలను మాత్రమే, అదీ స్వల్పంగా తీసుకుంటాయి. రాయికి వాసన లేదు, రుచి లేదు. అయినా రాయి ప్రభావం లేకపోలేదు. అది పనిచేసేది నీటి ద్వారా. పలకల మధ్య నీరు లోతుకు జారిపోతుంది, దాని కోసం వేళ్లు కిందికి పోతాయి, తీగ కొద్దిగానే కాస్తుంది, కాయలు చిన్నవవుతాయి. చిన్న కాయలో రసంతో పోలిస్తే తొక్క పాలు ఎక్కువ. రంగు, వగరు, వాసన అన్నీ తొక్కలోనే ఎక్కువగా ఉంటాయి కాబట్టి వైన్ చిక్కబడుతుంది.

ముక్కు చేసే పని

నాలుక పట్టగలిగేవి అయిదే: తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి. స్ట్రాబెర్రీ, లవంగం, పొగాకు వంటివి ముక్కు పని. నోట్లో ఉన్న వైన్ ఆవిరి గొంతు వెనకనుంచి ముక్కులోకి ఎక్కుతుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త పాల్ రోజిన్ 1982లో చెప్పినట్టు వాసన ఒక్కటే రెండు దారుల్లో పనిచేస్తుంది, బయటి లోకం నుంచి ఒకటి, నోటి లోపలి నుంచి ఒకటి. రెండోదాన్ని మన మెదడు నోట్లోనే జరిగినట్టు లెక్కకడుతుంది. ముక్కు మూసుకుని ఒక గుక్క తీసుకోండి, తర్వాత వదలండి. తేడా వెంటనే తెలుస్తుంది.

ఆ ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు సుమారు 400 రకాలు. వాటి జన్యువులను 1991లో బయటపెట్టిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. ఈ గ్రాహకాల పట్టిక మనిషి మనిషికీ కొంచెం మారుతుంది. మిరియాల ఘాటు వాసన ఇచ్చే రొటుండోన్ కొన్ని ఎర్ర వైన్లలో కూడా ఉంటుంది. అయిదుగురిలో దాదాపు ఒకరికి దాని వాసనే తెలియదు. పక్కవాళ్లకు తగిలింది మీకు తగలకపోతే చిన్నబోవాల్సిన పనిలేదు.

వగరు మాత్రం వాసన కాదు, రుచీ కాదు, స్పర్శ. వైన్‌లోని టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టి గడ్డకట్టిస్తాయి. నోట్లో జారుడు పోయి గరుకుదనం వస్తుంది. నేరేడు పండు తిన్నాక నాలుక బిగిసినట్టు కావడం ఇదే. గుక్క గుక్కకీ ఇది పేరుకుంటూ పోతుంది గనక వైన్‌కీ వైన్‌కీ మధ్య నీళ్లు, రొట్టెముక్క తీసుకోవాలి. మాంసంలోని ప్రోటీన్, కొవ్వు టానిన్లను ముందే పట్టేస్తాయి. రిబేరా వైన్‌కి గొర్రెపిల్ల మాంసం జోడు కావడంలో ఉన్న రహస్యం అంతే.

పసిగట్టినదాన్ని పదిమందికీ ఒకే అర్థంలో చెప్పడమెలా? డేవిస్‌లో ద్రాక్ష, వైన్ విభాగానికి తొలి మహిళా అధ్యాపకురాలు ఆన్ నోబుల్ 1984లో దీనికి ఒక చక్రం గీసింది. మధ్యలో పండు, పూలు, మసాలా, చెక్క, మట్టి వంటి పన్నెండు పెద్ద తరగతులు. అంచుకు పోయేకొద్దీ అవి చీలి నిమ్మ, లవంగం, తడి అట్టపెట్టె వంటి మాటలవుతాయి. నాజూకు, హుందా వంటి మాటలకు చక్రంలో చోటులేదు, ఎందుకంటే వాటిని గ్లాసులో పెట్టి చూపించలేం. మిగతావాటిని చూపించవచ్చు. వాసన పెద్దగా లేని చవక వైన్‌ని నాలుగు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోయండి. ఒకదాంట్లో రెండు లవంగాలు, ఒకదాంట్లో పచ్చి కాప్సికం ముక్క, ఒకదాంట్లో వెనీలా చుక్క, ఒకదాంట్లో కొబ్బరి తురుము వేసి, సాసర్లు మూతపెట్టి అరగంట ఆగండి. మూతలు తీసి ఒక్కోటీ వాసన చూడండి. డేవిస్‌లో నోబుల్ విద్యార్థులకు నేర్పింది ఈ పద్ధతే. మసాలా డబ్బా తెరిచి పెరిగిన ముక్కులకు ఇందులో సగం ఎప్పుడో వచ్చేసినట్టే.

మోసపోయే పరికరం

ఇంత సున్నితమైన ముక్కు చాలా తేలిగ్గా మోసపోతుంది కూడా. రాబర్ట్ హాడ్జ్‌సన్ కాలిఫోర్నియాలో సముద్రశాస్త్ర ఆచార్యుడిగా పనిచేసి, సొంతంగా వైన్ కూడా చేసేవాడు. తన వైన్‌కి ఒక పోటీలో పతకం వచ్చి మరో పోటీలో రాకపోవడం ఆయనకు వింతగా తోచింది. 2005 నుంచి కొన్నేళ్లపాటు కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ న్యాయనిర్ణేతలకు ఒకే సీసాలోంచి పోసిన వైన్‌ని వాళ్లకు తెలియకుండా మూడుసార్లు ఇప్పించాడు. మూడింటినీ ఒకే పతకం కిందికి తెచ్చినవాళ్లు పదిమందిలో ఒక్కరే. 2008లో ఈ ఫలితం ప్రచురించాడు. అబసేలా గెలిచిన పతకాన్ని కూడా మనం ఇదే లెక్కన చూడాలి. ఒక్క పోటీ రుజువు కాదు. తీగకు సరైన వాతావరణం ఎక్కడుందో ముందే ఊహించి చెప్పి, ఆ ఊహ పండడం అంతకన్నా గట్టి రుజువు.

2008లోనే కాల్టెక్, స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఇంకోటి చూపించారు. ఒకే వైన్‌ని ఒకసారి 10 డాలర్లని, మరోసారి 90 డాలర్లని చెప్పి స్కానర్‌లో పడుకున్నవాళ్లకు ఇచ్చారు. ఖరీదు ఎక్కువ అన్నప్పుడు వాళ్లకు ఎక్కువ నచ్చింది. మెదడులో హాయిని లెక్కగట్టే భాగం కూడా నిజంగానే ఎక్కువ చురుగ్గా పనిచేసింది. ధర వాళ్ల మాటల్నే కాదు, అనుభవాన్నే మార్చింది.

కాబట్టి సీసాను దాచండి

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఊరినుంచి చుట్టాలొస్తే నాపా లోయకు తీసుకెళ్లడం మామూలే. ఆ ఖర్చులో కొంచెంతో ఇంట్లోనే అంతకన్నా మంచి పాఠం చెప్పుకోవచ్చు. ఒక రియోహా క్రియాన్సా, ఒక రిబేరా క్రియాన్సా, ఒక బియెర్సో, ఒక హుమియా కొనండి. దొరికితే ఒరెగాన్‌దో టెక్సాస్‌దో ఒక టెంప్రనియో కలపండి. సీసాలను కాగితపు సంచుల్లో దాచి, తాగని మనిషి చేత అంకెలు వేయించండి. వైన్ 16 నుంచి 18 డిగ్రీలు ఉండాలి. అంతకు మించితే ఆల్కహాలు ముక్కుకెక్కి మిగతా వాసనలను తొక్కేస్తుంది. గ్లాసుకు రెండు చెంచాలు చాలు. చూడండి, వాసన పట్టండి, నోట్లో తిప్పండి, ఉమ్మేయండి. వృత్తిగా రుచి చూసేవాళ్లు మామూలుగా ఉమ్మేసేవాళ్లే.

తర్వాత మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి. మూడు గ్లాసుల్లో రెండింటిలో రియోహా, ఒకదాంట్లో రిబేరా పోయించి, వేరుగా ఉన్నది ఏదో చెప్పండి. గుడ్డిగా చెప్పినా మూడుసార్లలో ఒకసారి తగులుతుంది. ఆరుసార్లలో అయిదు, ఆపైన సరిగ్గా చెప్పడం మాత్రం అదృష్టం వల్ల నూటికి రెండుసార్లు కూడా జరగదు. అలా చెప్పగలిగితే తేడా మీకు నిజంగా తెలుస్తున్నట్టే.

ఆవకాయ, గోంగూర మాంసం పెట్టుకుని మాత్రం ఈ పరీక్ష చేయొద్దు. మిరపకాయ మంటను పట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని శాన్ ఫ్రాన్సిస్కోలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనిపెట్టింది, 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆల్కహాలు ఆ గ్రాహకాన్ని ఇంకా రెచ్చగొడుతుంది. 15 శాతం తోరో వైన్ మీద కారం తింటే మంట మీద మంట. కారం కూరతో తాగి తీరాలంటే కొద్దిగా చల్లబరిచిన బియెర్సో నయం.

చివరిగా లెక్క. అమెరికా ప్రమాణంలో ఒక డ్రింకు అంటే 14 గ్రాముల శుద్ధ ఆల్కహాలు. 12 శాతం వైన్ అయితే సుమారు 150 మిల్లీలీటర్లు, 15 శాతం తోరో అయితే 120కి లోపే. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే ఆల్కహాలు పానీయాలను కేన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. అమెరికా సర్జన్ జనరల్ 2025 జనవరిలో అదే హెచ్చరిక మళ్లీ చేశారు. ఎర్ర వైన్ గుండెకు మంచిదనే మాట వినపడితే దాన్ని తాగడానికి సాకుగా తీసుకోకండి. తాగే అలవాటు లేనివాళ్లు ఈ అధ్యాయం కోసం మొదలుపెట్టాల్సిన పనీ లేదు. లవంగం, కొబ్బరి, కాప్సికం పరీక్ష మంచినీళ్లతో కూడా చేయవచ్చు. అలవాటున్నవాళ్లు కొద్దిగా పోసుకోండి, లేబుల్ దాచండి, ధర అడక్కండి, మీ ముక్కు చెప్పింది ముందు కాగితం మీద రాసి ఆ తర్వాతే సంచి విప్పండి.